తిరిగి ఇవ్వబోయిన తాంబూలం

ఆ వేసవిలో యుద్ధం పంతొమ్మిది రోజులు జరిగింది. ఎక్కడో సరిహద్దులో జరిగింది. కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు గోడ పక్కన ఉండే మాకు ఒక్క బాంబు చప్పుడు కూడా వినపడలేదు. అయినా ఆ యుద్ధంలో పోయిన ఇళ్ళు లెక్కపెట్టమంటే ముందు మా తెలుగు లైనులోని నలభై రెండు ఇళ్ళూ వేసుకోమంటాను. వాటిని ఏ శత్రువూ కూల్చలేదు. మేమే తాంబూలం పుచ్చుకుని ఇచ్చేశాం. అందులో నా వంతు ఎంతో చెప్పకుండా ఇక ఉండలేను.

నా పేరు నీరజ. మునిసిపాలిటీ పనివాళ్ళకి ఎప్పుడో కట్టిన వరస ఇళ్ళు మావి. మా మామగారు గురువులు ముప్పై ఎనిమిదేళ్ళు మురుగు కాలవల్లో దిగి పనిచేసి రిటైరయ్యారు. లైనుకి ఆయనే పెద్ద. మా ఆయన వెంకటేశు పొద్దున్న ఐదింటికి చీపురు బండి తోసుకుంటూ వీధుల్లోకి వెళ్తాడు. నేను లైను చివర బడిలో తెలుగు టీచరుని. బడంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, తొమ్మిదిమంది పిల్లలు. వాళ్ళు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఫోనులో హిందీ మాట్లాడి, చివరికి అలసిపోయి నా దగ్గరికొచ్చి ఆవలిస్తారు.

యుద్ధం మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం సుబీర్ బాబు బడికి వచ్చాడు. మా వార్డు నాయకుడు. పెళ్ళికి పిలిచినా వస్తాడు, చావుకి పిలవకపోయినా వస్తాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఇంత జరిగాక నేను కూడా గట్టిగా అనలేకపోతున్నాను, అదే నా బాధ.

పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, "దీదీమణీ, మీ తెలుగు నాకు కావాలి," అన్నాడు బెంగాలీలో. వాళ్ళు టీచరమ్మని అలాగే పిలుస్తారు.

బడి మూస్తారా ఉంచుతారా అని తప్ప పదకొండేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదు. నా తెలుగు కావాలన్న మొదటి మనిషి ఆయన. నేను ఉబ్బిపోయాను. దాచుకోవడానికేముంది.

విషయం ఆయన నెమ్మదిగా చెప్పాడు. రేవు మీద శత్రువు కన్ను పడిందట. గోడ చుట్టూ రక్షణ వలయం ఒకటి ఏర్పాటు చేయాలట. అందులో ఉన్న బస్తీలన్నీ యుద్ధం అయ్యేదాకా ఖాళీ చేయాలి. ఊరికి తూర్పున, చెరువులు దాటాక కట్టిన కొత్త ఫ్లాట్లలో ఉండొచ్చు.

"మరి ఆర్డరు వేసెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

"వెయ్యొచ్చు. అప్పుడు జనం ఏడుస్తూ వెళ్తారు. ఆ ఏడుపు పేపర్లో పడుతుంది. యుద్ధంలో దేశం ఏడవకూడదు దీదీమణీ. వాళ్ళంతట వాళ్ళే ఇచ్చామని చెప్పుకోవాలి. ముందు ఒక బస్తీ సంతోషంగా ఇస్తే మిగతావి సిగ్గుపడి ఇస్తాయి. ఆ మొదటిది మీ లైను అయితే బాగుంటుందనుకుంటున్నాను."

"మా లైనే ఎందుకు?"

"మీవాళ్ళు మాటిస్తే తప్పరంటారు. అదెలాగో తెలుసుకుందామనే వచ్చాను."

అప్పుడు చెప్పాను. పిల్లలకి పాఠం చెప్పినట్టు, అడిగినదానికన్నా ఎక్కువే చెప్పాను. మావాళ్ళలో ఏ మాటైనా తాంబూలంతోనే ఖాయమవుతుంది. అడిగేవాడు ఇత్తడి పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి, ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద పెట్టుకుని కులపెద్ద చేతికిస్తాడు. పెద్ద తీసుకుని ఇంటింటి యజమానికీ ఇస్తాడు. పుచ్చుకున్నవాడు కట్టుబడినట్టే. పళ్ళెం తోసేసినవాడి ఇంటికి చావు వచ్చినా ఎవరూ వెళ్ళరు. పని అయ్యేదాకా పెద్ద తన తాంబూలాన్ని దేవుడి దగ్గర ఉంచుతాడు. ఆకు ఎండితే కొత్త ఆకు వేయొచ్చు. వక్క మాత్రం అదే ఉండాలి.

సుబీర్ బాబు ఫోనులో రాసుకుంటూ, "ఎవరైనా మాట వెనక్కి తీసుకోవాలంటే?" అన్నాడు.

"పెద్ద వెళ్ళి, ఇచ్చినవాడి చేతిలోనే తిరిగి పెట్టాలి. అతను పారే నీళ్ళలో వదిలితే ఇద్దరికీ విడుదల. నోట్లో వేసుకున్నాడంటే మాట పండినట్టు. ఇక అడగకూడదు."

"ఎంత అందమైన ఆచారం," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడనిపించింది. ఆ హుషారులో మామగారి తాత కథ కూడా చెప్పేశాను. జపాను విమానాలు ఈ రేవు మీద బాంబులు వేసినప్పుడు కూలీలందరూ పారిపోతే, ఆయనా ఇంకో పదిమందీ ఇక్కడే ఉండి శవాలెత్తారు. అదీ రాసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్న దేశభక్తి పాటలు, సాయంత్రం సైరను, దీపాలార్పమని కేకలు. నది మీద శత్రువు యంత్రం ఎగిరిందని అందరి ఫోన్లలోనూ ఒక వీడియో వచ్చింది. అది అవతలి ఒడ్డున పెళ్ళి ఫొటోలు తీసే డ్రోను అని తేలేసరికి మూడు రోజులు పట్టింది. తేలినా మా అత్త నమ్మలేదు. "పెళ్ళోళ్ళదైతే ఇటేల వస్తాది?" అంది. సైరను మోగినప్పుడల్లా ఆవిడ బియ్యం డబ్బా పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఎందుకు డబ్బా అంటే తనకీ తెలీదు.

కరపత్రం నేనే రాశాను. మన తాతలు బాంబులకు బెదరలేదనీ, మన మాట తాంబూలం మీద నిలుస్తుందనీ రాశాను. పన్నెండు బ్యానర్లు తెలుగులో అచ్చయ్యాయి. లైనులో కూడబలుక్కోకుండా తెలుగు చదవగలిగినవాళ్ళం ముగ్గురమే. నేను, నూకాలమ్మ గుడి పూజారి, యూనియన్ తిరుపతిరావు. "ఇవి ఎవరు చదువుతారండీ?" అని సుబీర్ బాబునడిగాను.

"చదవక్కర్లేదు దీదీమణీ. ఫొటోలో తెలుగు కనపడాలి," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరుపతిరావు ఆ కరపత్రం పట్టుకుని సాయంత్రం మా ఇంటికొచ్చాడు. మామగారు అరుగు మీద కాళ్ళకి నూనె రాసుకుంటున్నారు.

"టీచరమ్మ బాగానే రాసింది," అన్నాడు నావైపు చూడకుండా. "నానొకటడుగుతాను గురువులు మావా. అప్పుడు మీ తాత ఇక్కడే ఉండిపోనాడు, అది దేశభక్తన్నారు. ఇప్పుడు ఎలిపోతే దేశభక్తంట. మనకాడ ఏటుంటే అది ఇచ్చీడవేనేటి దేశభక్తంటే?"

"యుద్ధంరా బాబూ. అక్కడ కుర్రోళ్ళు పేనాలిస్తన్నారు. మనం నాలుగు నెల్లు ఇల్లివ్వలేవేటి?"

"ఇచ్చీసిన ఇల్లు తిరిగొచ్చిన కత ఈ ఊళ్ళో ఎక్కడైనా ఇన్నావా?"

"సుబీర్ బాబు మాటిస్తన్నాడు గదా."

"ఆయన మాటకేటి, రోజుకి పదిస్తాడు. నువ్వు మాటిస్తే కష్టం మావా. నీ మాటకి బరువుంది. ఆడికి కావలసింది ఆ బరువే."

మామగారు నూనె చేతులు కాళ్ళకే తుడుచుకుని, "దేశం అడిగినప్పుడు నాను లేదనలేన్రా. మా తాత మొహం ఎలగ సూడను?" అన్నారు. ఆ మాటలు ఆయన నోట్లోంచి వస్తున్నా, అవి నేను రాసిన కరపత్రంలోవే. నాకప్పుడు గర్వంగానే ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది.

ఆదివారం పొద్దున్న గుడి ముందు సభ. డప్పులు, జెండాలు, టీవీ వాళ్ళు. నా బ్యానర్లు గాలికి పటపటలాడుతున్నాయి. సుబీర్ బాబు జపాను బాంబుల కథ చెప్పాడు. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పాడు. శవాలెత్తినవాళ్ళు పదిమంది కాస్తా వందమందయ్యారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తర్వాత మా ఇంటి ఇత్తడి పళ్ళెం తెప్పించుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, అందులో ఆకూ వక్కా పెట్టి, ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద పెట్టి మామగారి ముందు వంగాడు. "ఈ మాట మీదీ నాదీ," అన్నాడు తెలుగులో. అది నేను నేర్పిన వాక్యమే.

మామగారు ఆయన మోచెయ్యి వైపు చూసి ఒక్క క్షణం ఆగిపోయారు. డెబ్భై రెండేళ్ళ బతుకులో ఒక బెంగాలీ బాబు ఆయన ముందు అలా వంగడం అదే మొదటిసారి. కాలవలోంచి పైకొస్తే ముక్కు మూసుకుని పక్కకి జరిగే మనుషుల్ని మాత్రమే చూసిన మనిషి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాంబూలం తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

తర్వాత ఒక్కొక్క ఇంటి యజమానీ వచ్చి ఆయన చేతిమీదుగా పుచ్చుకున్నాడు. తిరుపతిరావు అందరికన్నా ఆఖరున వచ్చాడు. పళ్ళెం తోసేస్తే కులానికి దూరం. జెండా ముందు తోసేస్తే దేశానికీ దూరం. అతని ముందు రెండు కెమెరాలున్నాయి. పుచ్చుకున్నాడు. మర్నాడు పేపర్లో పడింది ఆ చెయ్యే. ఆ వారంలో చుట్టుపక్కల ఐదు బస్తీలు ఖాళీ చేస్తామని సంతకాలు పెట్టాయి. తెలుగువాళ్ళే ఇవ్వగా లేంది మేం ఇవ్వకపోతే బాగోదన్నారట.

"సూసినావా అమ్మా," అన్నారు మామగారు ఇంటికొచ్చాక, వక్క దేవుడి గూట్లో పెడుతూ. "ఆ బాబు ఎంత పద్దతిగా ఇచ్చేడో. మన పద్దతి ఆయనకెలగ తెలిసిందో. మనల్ని సూస్తన్నారమ్మా, మనకే తెల్దు."

నేనే చెప్పానని అప్పుడు అనొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆయన మొహంలో ఉన్న వెలుగు చూసి మింగేశాను. ఆ వెలుగు నావల్ల ఆరిపోకూడదనుకున్నాను.

పంతొమ్మిదో రోజున యుద్ధం ఆగిపోయింది. మైకు ఆటోలోంచే సందేశ్ మిఠాయిలు పంచారు. మా అత్త కట్టిన మూటలు విప్పేసి కుండలు మళ్ళీ గూట్లో సర్దింది. నాలుగు నెలలన్నది పట్టుమని నెలైనా కాలేదు, ఇక వెళ్ళక్కర్లేదని అందరం అనుకున్నాం. రెండు రోజులకి ఇంటింటి తలుపుకీ కాగితం అంటించారు. ఆదివారానికి ఖాళీ చేయాలి, లారీలు వస్తాయి. సంగతేమిటని వెంకటేశు అడగడానికి వెళ్తే సుబీర్ బాబు మనుషులు, "యుద్ధం ఆగింది, ముప్పు ఆగలేదు," అన్నారట. మైకులో కూడా అప్పటికి అదే మాట మొదలైంది.

తిరుపతిరావు పదిమందిని వెంటేసుకొచ్చాడు. "కదలొద్దు మావా. లారీలకడ్డంగా కూకుందాం. మిగతా బస్తీలోళ్ళూ మనల్నే సూస్తన్నారు. మనం కూకుంటే ఆళ్ళూ కూకుంటారు."

"తాంబూలం పుచ్చుకున్నాం గదరా."

"యుద్ధానికి పుచ్చుకున్నాం. యుద్ధమేదీ?"

"అది మనం తేల్చుకుంటే సరిపోదు. మాట మాటే."

"అలగైతే తిరిగిచ్చీ. పద్దతుంది గదా. నీళ్ళలో ఒగ్గీమను. గంగ ఇక్కడే ఉన్నాది."

 మామగారు మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, గూట్లోంచి వక్క తీసి పళ్ళెంలో పెట్టారు. "నువ్వు రా అమ్మా. వీధిలో నా బెంగాలీ నడుస్తాది గానీ ఆపీసుల్లో తడబడతాది," అన్నారు.

దారిలో పాన్ కొట్టు దగ్గర లేతవి చూసి రెండు ఆకులు కొన్నారు. బజారంతా దాటేదాకా ఆయన పక్కనే నడిచాను. చెప్పడానికి నాకు అరగంట టైముంది. ఇప్పటికీ ఆ అరగంటే నన్ను తింటోంది. సుబీర్ బాబుకి అన్నీ తెలుసు మావా, తిరిగిస్తే ఏం చెయ్యాలో కూడా తెలుసు, నేనే చెప్పాను అంటే ఆయన అక్కడే ఆగేవారేమో. ఇంకో దారి వెతికేవారేమో. తిరుపతిరావుతో పాటు రోడ్డు మీద కూర్చునేవారేమో. నేనేమో మంచినీళ్ళు తాగుతారా అని అడిగాను.

మేం ఆఫీసులోకి అడుగుపెట్టగానే సుబీర్ బాబు లేచి నిలబడి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కుర్చీ వేయించాడు, టీ చెప్పాడు. మామగారు కూర్చోలేదు. రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని ముందుకు చాపి, తనకొచ్చిన బెంగాలీలోనే, నా సాయం లేకుండానే అన్నారు. "బాబూ, యుద్ధం అయిపోయింది. మీ తాంబూలం మీరు తీసుకోండి. గంగలో వదిలేయండి. మేం మా ఇళ్ళల్లో ఉంటాం."

సుబీర్ బాబు పళ్ళెం వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. నేను చేతులు జోడించాను. గదిలో ఇంకెవరూ లేరు, కెమెరాలు లేవు. వదిలేస్తే వదిలేయొచ్చు. ఆయన నిజంగానే కొంచెంసేపు ఆలోచించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పుడు ఆకు తీసి, వక్క మధ్యలో పెట్టి, ఓపిగ్గా మడిచి నోట్లో వేసుకున్నాడు.

ఆ నమలడం చాలాసేపు సాగింది. పాత వక్క, గట్టిగా ఉంటుంది.

"దీదీమణి నాకంతా చెప్పారు కాకా," అన్నాడు చివరికి. "నీళ్ళలో వదిలితే ఏమిటో, తింటే ఏమిటో. మీ ఆచారమంటే నాకు గౌరవం. టీ తాగి వెళ్ళండి."

మామగారు నావైపు తిరగలేదు. టీ తాగారు. పెట్టింది వదిలేసి వెళ్ళడం ఆయనకి తెలీదు. ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుని బయటికి నడిచారు. బజారు మొత్తం దాటాం. లైను మొదట్లోకి వచ్చాక మాత్రం, "ఎండ బాగా ఉన్నాది. గొడుగు తెచ్చుకోవలసిందమ్మా నువ్వు," అన్నారు.

గుడి దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు. "తినేసినాడు," అన్నారు మామగారు. "మాట అయిపోనాది. సర్దుకోండి."  నా పేరు ఎత్తలేదు.

ఆదివారం వచ్చిన లారీలు రోజూ మా వెంకటేశు చెత్త ఎక్కించే లారీలే. కడిగి బ్లీచింగ్ చల్లి తెచ్చారు. తిరుపతిరావు ఎవరినీ తిట్టలేదు. మామగారి మంచం తనే ఎత్తి లారీలో పెట్టాడు. నా బ్యానర్లలో ఒకటి గుడి ముందు ఇంకా వేలాడుతోంది. మన మాట నిలుస్తుందని ఉంది దాని మీద. నేను చదివాను. ఇంకెవరూ తలెత్తి చూడలేదు.

ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటున్నాం. వెంకటేశు పనికి వెళ్ళాలంటే మూడింటికే లేచి రెండు బస్సులు మారాలి. తెలుగు బడి లేదు. నలభై రెండు ఇళ్ళూ మూడు చోట్లకి చెదిరిపోయాయి. మావాళ్ళు కొందరు వెళ్ళి ఆ రక్షణ వలయం చూసొచ్చారు. కంచె వేసి లోపల కంటైనర్ లారీలు నిలుపుతున్నారట.

కొత్త ఇంట్లో సామాను దించిన రోజే మామగారు ఇత్తడి పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకాడే ఉంచమ్మా. బియ్యం ఏరుకోడానికి పనికొస్తాది," అన్నారు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఆయన పెద్దరికం అక్కడితో పోయింది. ఓ బాబు ఒంగి దణ్ణం పెట్టేసరికి ముసలాయన ఊరు ఊరంతా ఇచ్చేశాడని మావాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. ఎదురుగా అనరు, కానీ ఆయనకి తెలుసు. తెలిసీ నన్ను బయటపెట్టలేదు. మొన్న శ్రావణంలో తిరుపతిరావు కూతురు లక్ష్మీసౌజన్యకి సంబంధం ఖాయమైంది. తాంబూలాలకి స్టీలు పళ్ళెం కొనుక్కొచ్చారు. మూడు తరాలుగా ఆ పని మా ఇంటి పళ్ళెంతో, మా ఇంటి పెద్ద చేత్తోనే జరిగేది. మామగారిని పిలిచారు, భోజనం పెట్టారు. ఆయన వెనక వరసలో చెప్పులు విడిచినచోట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తాంబూలం వేరే ఎవరో ఇస్తుంటే నేలవైపు చూస్తూ ఉండిపోయారు. మా అత్త ఇంటికొచ్చి ఏడ్చింది. నాకు ఏడవడానికి మొహం లేకపోయింది.

ఆ మర్నాటి నుంచి ఇది రాయడం మొదలుపెట్టాను. తెలుగులోనే రాశాను. మావాళ్ళలో దీన్ని చదవగలిగినవాళ్ళు ముగ్గురే. నన్ను తీసేస్తే ఇద్దరు. అందులో తిరుపతిరావు ఒకడు.

ఈ పొద్దున్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతూ మామగారితో అన్నాను. "మావా, ఆ బాబుకి సెప్పింది నేనేనని అంతా రాసేను. తిరుపతిరావు బావకి ఇచ్చొస్తాను."

ఆయన కిటికీ దగ్గరున్నారు. కింద రోడ్డు చూస్తూనే, "ఇస్తే ఏటొస్తాది? ఇళ్ళొస్తాయేటి?" అన్నారు.

"ఇళ్ళు రావు మావా."

 నేను మళ్ళీ బియ్యంలోకి తలొంచుకున్నాను. ఆయన వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. నా ఒళ్ళోంచి పళ్ళెం తీసుకుని, బియ్యం చేటలోకి వంపేశారు. భుజం మీది తువ్వాలుతో పళ్ళాన్ని అంచుల దాకా తుడిచి, నా కాగితాలు అందులో పెట్టి నా ముందుకు జరిపారు.